బెల్లం అంటిన వేలు

ప్రొద్దుటూరులో మా అంగడికి ఎదురుగానే ప్రాథమిక పాఠశాల ఉంది. ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు గేటు దాటి నా అంగడి మీదికి గువ్వల్లా వచ్చి వాలతారు. నేను చదివింది ఐదో తరగతి వరకే. లెక్క మాత్రం ఆ తర్వాత తక్కెడ దగ్గర నేర్చుకున్నాను. చింతపండు చేతిలోకి తీసుకుంటే పావుకిలోకి ఎంత తక్కువో, ఎంత ఎక్కువో తెలిసిపోతుంది. అందులో గొప్పేమీ లేదు, ఏళ్ల తరబడి చేసిన పని. ఒకటో తరగతి టీచరమ్మ ఒకరోజు అది చూసి, "అక్కా, అంగడి ఎవరికైనా అప్పజెప్పి అప్పుడప్పుడు మా పిల్లోళ్ల కాడికి రా. కొలతలు నువ్వైతే బాగా చెప్తావు," అంది. ఆమె జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే మనిషి. పిల్లలంటే ప్రాణం. నేను కాదనలేకపోయాను.

ఆ ఏడు వేపచెట్టు అప్పుడే రాగిరంగు చిగురు వేస్తోంది. పిల్లల చేత రాలిన ఆకులు ఏరించి చిన్నవి ఒక కుప్ప, పెద్దవి ఒక కుప్ప పెట్టించాం. కొబ్బరిచిప్పల్లో మట్టి నింపి తలా ఒక అలసంద గింజ నాటించాం. మొలక లేచాక దాన్ని వేళ్లతో కొలవమన్నాను. నా లెక్క తప్పింది అక్కడే. ఇన్నేళ్లు తూకంరాళ్లతో బతికిన దాన్ని, ఒకరి వేలూ ఇంకొకరి వేలూ ఒకటి కాదన్న సంగతి తోచలేదు. వేపచెట్టు పక్కింటి పిల్లవాడు ఒకడున్నాడు, మహా గడుగ్గాయి. వాడికి మాత్రం మొదటిరోజే తోచింది. తన చిప్ప తీసుకొని సన్నటి వేళ్లున్న ఒక పాప దగ్గరికి పోయాడు.

"మే, నా మొలక నువ్వు కొల్చు. నీ యేళ్లు సన్నగుండాయి. నాకు ఎక్కువొస్తాది."

"ఇంత లేవు, అప్పుడే కొలతలో మోసమారా?" అన్నాను.

"మోసం గాదవ్వా, యేలే కొలత అని నువ్వే అన్న్యావు!"

ఆ పాప నవ్వకుండా, తల వంచుకొని, శ్రద్ధగా వాడి మొలక కొలిచి పెట్టింది. తర్వాత తనది కూడా అవే వేళ్లతో కొలుచుకుంది. వాడిదే ఒక వేలు ఎక్కువ వచ్చింది. అయినా ఆ పాప ముఖం చిన్నబుచ్చుకోలేదు. నాకు ఆ బిడ్డ మీద మనసు పడింది అప్పుడే.

వాళ్లది మా వెనక వీధి, ముస్లిముల ఇల్లు. వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, నా దగ్గరే సరుకులు కొంటుంది. ఉగాది, రంజాన్ రెండూ చందమామను బట్టే వస్తాయి. కాకపోతే మనం మూడేళ్లకో అధికమాసం కలిపి ఉగాదిని ఎండాకాలం మొదట్లోనే నిలబెట్టుకుంటాం. వాళ్లు కలపరు. అందుకే రంజాన్ ఏటా కొంచెం కొంచెం జరుగుతూ, ఎన్నో ఏళ్లకు ఒకసారి ఉగాది పక్కకు వస్తుంది. ఆ ఏడు వచ్చింది. నానీ ఖర్జూరాలకు వచ్చి చెప్పింది:

"మా యమ్మి నెల మొదుట్నుంచీ ఒకటే పోరు. నేనూ ఒక్కపొద్దుంటా, నేనూ ఉంటా అని. పులివెందుల్లో దాని పిన్నమ్మ కూతురు పోయినేడు ఉన్నింది. ఆ పిల్ల దండేసుకున్న ఫోటో ఫోన్లో దినామూ సూస్తాంది. సరే, కడాకు శుక్రవారం ఉండమన్న్యాం."

"ఎండలు ముదురుతాండాయి గదక్కా. తట్టుకుంటాదా?"

"తట్టుకోకుంటే నీళ్లు తాపుతాం. అంతే గదా. కానీ అది వింటాదా? రాత్రి కొత్త గౌను పక్కలో ఏసుకోని పండుకునింది."

బిడ్డ మొదటి ఒక్కపొద్దు ఉన్న రోజు సాయంత్రం చుట్టాలను పిలిచి, పూలదండ వేసి వాళ్లు వేడుక చేస్తారు. పులివెందుల నుంచి పిన్నమ్మ వాళ్లు కూడా వస్తున్నారు. ఫోటోలోని ఆ పిల్ల కూడా వస్తోంది.

చిక్కేమిటంటే, బళ్లో ఉగాది వేడుక కూడా ఆ శుక్రవారమే. ఆరు రుచులు ఆరుగురు తేవాలని టీచరమ్మ ముందే చీట్లు వేసింది. పాపకు బెల్లం వచ్చింది. గడుగ్గాయికి వేపపువ్వు. "నువ్వు ఇంటికాడ ఉండు తల్లీ, బెల్లం ఇంకెవరన్నా తెస్తారులే," అని టీచరమ్మ చెప్పి చూసింది. పాప ఒప్పుకోలేదు. తినను, కలుపుతాను, అంతే అంది.

శుక్రవారం పొద్దున పాప నానీ చేయి పట్టుకొని బడికి వచ్చింది. చేతిలో బెల్లం పొట్లం. పిల్లలంతా చుట్టూ మూగారు.

"నిజంగా ఒక్కపొద్దుండావా? ఏదీ, నాలిక సూపీ!"

పాప నాలుక చాపింది.

"తెల్లగుంది రోయ్! నీళ్లు గూడ తాగవా?"

"తాగను."

"ఎంగిలి మింగొచ్చా?"

"మింగొచ్చంట. నానీ చెప్పింది."

"అయితే నేనూ ఉంటా," అన్నాడు గడుగ్గాయి. వాడి చొక్కా జేబులోంచి మురుకు ముక్క తొంగి చూస్తోంది.

కొత్త కుండ మధ్యలో పెట్టి పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టాం. వేళ్లతో ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి ఈసారి కొలతకు ఒకే కొబ్బరిచిప్ప పెట్టాను. చింతపండు రసం ఎన్ని చిప్పలో, నీళ్లు ఎన్ని చిప్పలో పిల్లలే గొంతెత్తి లెక్కపెట్టారు. మామిడి ముక్కలు పడ్డాయి, ఉప్పు పడింది, మిరప్పొడి చిటికెడు పడింది. నేను దంచిపెట్టిన బెల్లాన్ని పాప చిప్పలో నింపుకొని, గడ్డలు కట్టినచోట వేళ్లతో నలిపి కుండలో వేస్తోంది. ఎండాకాలం బెల్లం కదా, మెత్తబడి చేతికి అంటుకుంటోంది. రెండో చిప్ప అయిపోయాక చూపుడువేలికి ఒక ముద్ద అంటుకొని మిగిలింది. పాప కుండలోకే చూస్తూ ఆ వేలు నోట్లో పెట్టుకుంది.

"తినేసె! తినేసె!" గడుగ్గాయి కేక వేశాడు.

పాప వేలు నోట్లోంచి తీసి చూసుకుంది. ఆ చేయి వెనక్కి పెట్టుకుంది. ఏడవలేదు. లేచి వరండాలోకి పరుగెత్తి, ఉమ్మి, మళ్లీ ఉమ్మి, గోడకు ముఖం ఆనించి నిలబడింది.

నేను పోయి భుజం మీద చేయి వేసి నాకు వచ్చిన భాషలోనే ఓదార్చాను.

"ఎంతుందని తల్లీ? శెనిగ్గింజంత గూడ లేదు."

"గింజంతైనా తిన్నెట్టే గదవ్వా?" గోడతో మాట్లాడినట్టు అంది. "సాయంత్రం దండ ఎయ్యరు. పులివెందులోళ్లు వచ్చి నవ్వుతారు," అంది.

తక్కువ చేసి చెప్తే బాధ తగ్గుతుందని అనుకున్నాను. తగ్గలేదు. ఒక పూటంతా దాహం ఓర్చుకున్న బిడ్డకు గింజంత, కొండంత తేడా ఉండదు. టీచరమ్మకు చెప్పి వెనక వీధికి నడిచాను. ఎండ చుర్రుమంటోంది.

నానీ చాప మీద కూర్చొని సాయంత్రం వంటకు బియ్యం ఏరుతోంది. జరిగింది చెప్పాను. వేలు మాత్రమే అనీ, చాలా కొంచెమనీ, వెంటనే ఉమ్మేసిందనీ గబగబా చెప్తున్నాను. ఆమె చేయెత్తి ఆపింది.

"ఎంత తిన్నింది అని గాదు. పొద్దుండాననే గేనముండి తిన్నిందా, మర్సిపొయ్యి తిన్నిందా?"

"మర్సిపొయ్యే."

"అయితే ఏమీ పోలే!" అని నవ్వి, బియ్యం చాట పక్కన పెట్టి, మోకాలు పట్టుకొని లేచింది. "పా, నేనే వచ్చి చెప్తా. నువ్వు చెప్తే నమ్మదు."

పాప ఇంకా గోడ దగ్గరే ఉంది. పక్కన గడుగ్గాయి కూర్చొని ఉన్నాడు. కేక వేసినందుకు వాడి ముఖం కూడా వాడిపోయి ఉంది. నానీ మనవరాలి గడ్డం పట్టుకొని తనవైపు తిప్పుకుంది.

"తెలిసి తిన్న్యావా బేటీ?"

"లేదు నానీ. యేలు దానంతటదే పొయ్యింది."

"మర్సిపొయ్యి తింటే ఒక్కపొద్దు పోదు. అల్లానే నీకు పెట్టినాడనుకో."

"అల్లానా?"

"ఆఁ. సిన్నపిల్ల, ఎండన పడి బడికొచ్చింది అని ఇంత తీపి పెట్టినాడు. గేనమొస్తానే ఉమ్మేసినావు గదా, అంతే సాలు. ఇంగ పా, నోరు కడుక్కుందువు."

అప్పుడు ఏడ్చింది పాప, నానీ కొంగులో ముఖం పెట్టి. గడుగ్గాయి ఊరుకుంటాడా!

"నానీ, ఆ మర్సిపొయ్యేదేదో నాగ్గూడా నేర్పీ. నేనూ ఉంటా ఒక్కపొద్దు."

"మర్సిపోవల్లని అనుకున్నోడు యాడ మర్సిపోతాడప్పా!" అని నానీ వాడి నెత్తిన చిన్నగా మొట్టింది.

మళ్లీ అందరం లోపలికి పోయాం. వేపపువ్వు కలిపి పిల్లలకు తలా ఒక చిన్న గ్లాసు పోశాం. ఎవరికి ముందు ఏ రుచి తగిలిందో చెప్పి, టీచరమ్మ గోడకు అంటించిన అట్ట మీద ఆ రుచి పేరు కింద ఒక కాగితపు మామిడాకు అతికించాలి. లెక్క చూపించి నేర్పడానికి అది మంచి దారి: ఏ వరస పొడుగో కంటికే తెలుస్తుంది. గడుగ్గాయి చేదు కింద అతికించి, తాగింది వాంతి చేసుకున్నంత పని చేశాడు. పులుపు వరస పొడుగైంది. పాప చూస్తూ కూర్చుంది. ఆమె వాటా టీచరమ్మ మూతగిన్నెలో పోసి పెట్టింది. చివరన ఒక ఆకు మిగిలింది. దాన్ని పక్కన పెట్టబోతుంటే పాప లేచింది.

"టీచర్, అల్లా పెట్టింది లెక్కకొస్తాదా?"

టీచరమ్మ నా వైపు చూసింది. లెక్కలదాన్ని కదా, నేనే జవాబు చెప్పాలని. నేను తలూపాను. పాప ఆకు తీసుకొని, మునివేళ్ల మీద నిలబడి, తీపి కింద అతికించింది.

సాయంత్రం నన్నూ పిలిచారు. పాప కొత్త గౌనులో, మల్లెదండలో మునిగిపోయి కుర్చీలో కూర్చొని ఉంది. పెదవులు ఎండిపోయాయి. పులివెందుల పిల్ల పక్కనే కూర్చొని విసనకర్ర విసురుతూ, "ఇంగ రొంతసేపేలే. ఈ రొంతసేపే శానా కష్టం, నాకు తెల్సు," అని పెద్దమనిషిలా ధైర్యం చెప్తోంది. నవ్వడానికి వచ్చిన పిల్లలా లేదు. పాప తల ఒకసారి వాలింది, మళ్లీ లేచింది. వాళ్లమ్మ నీళ్ల గ్లాసు పట్టుకొని దగ్గరే నిలబడి ఉంది, బిడ్డ ఒక్క మాట అడిగితే ఇచ్చేసేటట్టు. బిడ్డ అడగలేదు.

మసీదు సైరన్ మోగింది. నానీ ఖర్జూరం నోటిదాకా తెచ్చింది. పాప నోరు తెరవలేదు. ఆ ఖర్జూరం నానీ చేతిలోంచి తీసుకొని, తన వేళ్ల మధ్య పట్టుకొని ఒకసారి బాగా చూసింది.

"నానీ, ఇప్పుడు తెలిసే తింటాండా," అంది.

అందరూ నవ్వుతుంటే, ఆ నవ్వులేవీ పట్టించుకోకుండా గింజ దాకా నమిలి, రెండోదానికి చేయి చాపింది.