పచ్చ స్టిక్కరు లేని బండి

అబ్దుల్ జబ్బార్‌కి కోపం వస్తే నోరు లేవదు, కాళ్ళు లేస్తాయి. ఎవరన్నా మాటంటే తిరిగి అనడు. రిక్షా ఎక్కి ఊరంతా ఓ చుట్టు తొక్కొచ్చి, చెమట తుడుచుకుని, ఓ గ్లాసు నీళ్ళు తాగి, అప్పుడు నవ్వేస్తాడు. అలాంటి మనిషి ఆ ఆగస్టులో ఒకే పూట మూడు చుట్లు తొక్కాడంటే చూడండి మరి, విషయం ఎక్కడిదాకా పోయిందో!

ఊరి పేరు కోటవానిపేట. బందరుకీ గుడివాడకీ మధ్య రైలు దారిలో చిన్న మునిసిపాలిటీ. రాత్రి పదింటికి గుడివాడ నుంచి ఆఖరి పాసింజరు వస్తుంది. పదీ పదిహేను కూడా అవుద్ది, పన్నెండూ అవుద్ది, అది దాని ఇష్టం. ఎప్పుడొచ్చినా స్టేషను గేటు బయట, కుళాయి పక్కన జబ్బార్ రిక్షా మాత్రం ఉంటుంది. డెబ్బై అయిదులో పెట్టాడు అక్కడ. రెండువేల నాలుగొచ్చినా తియ్యలేదు.

ఆ సాయంత్రం మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరు నాంచారయ్య గారు స్కూటరు ఆపి చల్లగా చెప్పారు.

"సాయిబు గారూ, రేపట్నుంచి రాత్రిళ్ళు బండి ఇక్కడ పెట్టకండి. కౌన్సిల్లో తీర్మానమైపోయింది."

"ఏమనండీ?"

"రాత్రి తొమ్మిది దాటితే స్టేషను స్టాండులో పచ్చ స్టిక్కరున్న బళ్ళే ఉండాలని. గ్యాసు ఆటోలకి ఇస్తారు స్టిక్కరు. ఊళ్ళో పొగ ఉండకూడదంటండీ. పర్యావరణం!"

జబ్బార్ వంగి రిక్షా కిందకి చూశాడు. లేచి వెనక్కెళ్ళి చూశాడు. "నా బండికి పొగ ఎక్కణ్ణుంచొస్తందండీ?"

"నన్నడిగితే నేనేం చెప్పేది? స్టిక్కరుందా, లేదా. అంతవరకే నా పని."

అసలు తీర్మానం వెనక ఉద్దేశం మంచిదే, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ రోజుల్లో డీజిలు ఆటో ఒకటి మన ముందు నుంచి పోతే తెల్ల చొక్కా కాస్తా ముదురు రంగుకొచ్చేది. ఆఖరి రైలుకి దిగే ఆడవాళ్ళకి బండి దొరకాలని కూడా రాసుకున్నారు అందులో. అన్నీ రాశారు గానీ, ఊళ్ళో రిక్షా అనేదొకటి ఉందని మాత్రం కౌన్సిల్లో ఒక్కరికీ గుర్తు రాలేదు!

ఇంటికెళ్ళి చెబితే భార్య వహీదా పకపకా నవ్వింది. "పొగ లేని బండి కావాలంటే నీదే గదయ్యా మొదటిది! నువ్వు కాల్చే బీడీ ఒక్కటి తీసేస్తే."

"బీడీ నాది, బండిది కాదు."

"అయితే ఆ మాటే కాయితం మీద రాయించుకురా. మనలాంటోళ్ళ మాటకన్నా కాయితానికి బలమెక్కువ."

మర్నాడు పొద్దున్నే పెట్రోలు బంకు దగ్గర పొల్యూషన్ చెకింగు వ్యాను ముందు క్యూలో నుంచున్నాడు జబ్బార్. ముందు లారీ, దాని వెనక రెండు ఆటోలు, ఆ వెనక రిక్షా, రిక్షా వెనక జీపు. జీపాయన హారను కొడతానే ఉన్నాడు. జబ్బార్ తన గంట తిరిగి కొట్టాడు, ట్రింగు ట్రింగుమని.

వంతొచ్చింది. వ్యాను ఆపరేటరు గొట్టం పట్టుకుని వచ్చి, రిక్షా చుట్టూ ఓసారి తిరిగాడు.

"సైలెన్సర్ ఏదండీ?"

"లేదు."

"ఇంజను?"

"ఇదిగో," అని రెండు మోకాళ్ళూ చూపించాడు జబ్బార్.

"ఏంటి సాయిబు గారూ, పొద్దున్నే దొరికానా నేను? ఇంజను లేందే రీడింగు రాదు. రీడింగు రాందే సర్టిఫికెట్ రాదు."

"పొగొచ్చే బండికి పర్లేదని కాయితం ఇస్తావు. పొగే రాని బండికి ఇవ్వవా? ఇదేం లెక్క బాబూ?"

క్యూలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు, జీపాయన కూడా. కానీ కాయితం మాత్రం రాలేదు. ఆ పూటే జబ్బార్ మూడు చుట్లు తొక్కింది. మూడో చుట్టు అయ్యేసరికి తేల్చుకున్నాడు. కాయితం లేకపోతే లేదు, బండి మాత్రం అక్కడే ఉంటుంది.

ఉంది కూడా. వారం రోజులు నాంచారయ్య గారు చెప్పి చూశారు, బతిమాలి చూశారు. ఎనిమిదో రోజు మునిసిపాలిటీ వాళ్ళు ఎప్పుడూ చేసే పనే చేశారు. రిక్షాని పట్టుకుపోవాలంటే లారీ కావాలి, అది పెట్టడానికి జాగా కావాలి. అందుకని సీటు ఊడబీక్కుని పోతారు. సీటు లేని రిక్షా ఎవరు ఎక్కుతారు? మూడో రోజుకి కాళ్ళబేరానికి వస్తారని వాళ్ళ ధీమా.

ఖాళీ చెక్క మీద చెయ్యి పెట్టుకుని ఇంటికొచ్చాడు జబ్బార్. వహీదా ఆ చెక్క వంక ఓసారి చూసింది. లోపలికెళ్ళి తన బొంత తెచ్చింది. పాత చీరలన్నీ కలిపి కుట్టుకున్నది, చలికాలం తప్ప బయటికి తియ్యనిది. నాలుగు మడతలు పెట్టి సీటు చోట పరిచింది.

"బొంత మీద కూర్చుంటారంటావా?" అన్నాడు.

"నీ మొహం! మెత్తగా ఉంటే సింహాసనం మీద నుంచైనా లేచొస్తారు. పద, రైలుకి టైమవుతోంది."

ఆ రాత్రి బొంత మీద మొదట కూర్చుంది సులోచన. గుడివాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఆఖరి రైలుకే వస్తుంది, ఆరేళ్ళ నుంచీ జబ్బార్ రిక్షాయే. ఇల్లు కాలవగట్టు సందులో. ఆ సందులోకి ఆటో దూరదు. సందు మొదట్లో దింపేస్తారు, అక్కడే బ్రాందీ షాపు. జబ్బార్ అయితే గుమ్మం దాకా తొక్కి, లోపల గడియ పడ్డ చప్పుడు వినిపించాకే బండి తిప్పుతాడు. ఒక్క సులోచనకే కాదు, ఒంటరిగా దిగిన ఏ ఆడమనిషికైనా అంతే. ఎవరూ చెప్పలేదు, ఆయన పెట్టుకున్న పద్ధతి అది.

"సీటేమైంది బాబాయ్?"

"మునిసిపాలిటీ వాళ్ళు ముచ్చటపడ్డారమ్మా, తీసుకెళ్ళారు."

సంగతంతా విని సులోచన దిగేటప్పుడు అంది. "ఇరవై ఎనిమిదో తారీకున కౌన్సిల్ మీటింగుంది బాబాయ్. నేను ఆ పొద్దుటి పూట డ్యూటీ మార్పించుకుని మధ్యాహ్నం వెళ్తా. నువ్వు ఉతికిన చొక్కా వేసుకుని రా."

మీటింగుకి సులోచన ఒక్కతే రాలేదు. ఆఖరి రైలు ఎక్కే ఆడవాళ్ళు పదకొండు మంది వచ్చారు. బట్టల షాపు అమ్మాయిలు, టైపు ఇనిస్టిట్యూటు మేడమ్, పెడన నుంచి అద్దకం పని చేసొచ్చేవాళ్ళు. చైర్మన్ ఆనందరావు గారు కళ్ళజోడు సర్దుకుని పెద్దమనిషి తరహాలోనే మాట్లాడారు.

"జబ్బార్ గారూ, మీ మీద మాకేం కోపం లేదండీ. ఊరు ముందుకెళ్ళాలా వద్దా? రాత్రి పూట శుభ్రమైన గ్యాసు ఆటోలు వరసగా నిలబడితే ఎంత బాగుంటది!"

"బాగుంటదండీ. ఆ గ్యాసు ఎక్కడ దొరుకుద్దండీ?"

స్టిక్కరు మొట్టమొదట తీసుకున్న ఆటో తాతారావు గుమ్మం దగ్గర నుంచుని ఉన్నాడు. ఉండబట్టలేక అక్కణ్ణుంచే అరిచాడు. "బెజవాడలో దొరుకుద్దండీ! పట్టించుకుని వచ్చేసరికి సగం అయిపోద్దండీ!"

గొల్లుమన్నారు. ఊళ్ళో గ్యాసు బంకు లేకుండా ఊరంతా గ్యాసు ఆటోలన్నారు మరి! ఆనందరావు గారికి మొహం ఎర్రబడింది.

"సరే, బంకు వస్తది, మేం చూసుకుంటాం. మీకు అన్యాయం చెయ్యంలెండి. మునిసిపాలిటీలో చెత్త రిక్షా ఇప్పిస్తాం. పగటి పని, నెల జీతం. స్టేషను వదిలెయ్యండి."

వరండాలో నుంచుని వింటున్న వహీదా కిటికీ దగ్గరికి జరిగింది. నెల జీతం! ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ వినని మాట. జబ్బార్ తల తిప్పి భార్య వంక చూశాడు. ఆవిడ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కొంగు నడుముకి దోపుకుని మాత్రం నుంచుంది.

"చెత్త మొయ్యటానికి నాకు నామోషీ లేదండీ," అన్నాడు జబ్బార్. గొంతు లేవలేదు. "రేపు పొద్దున రమ్మన్నా వస్తా. పగలు చెత్త తోల్తా, రాత్రి రైలుకి స్టాండులో ఉంటా. స్టేషను వదిలితేనే పని అంటే మాత్రం ఆ పని మీ దగ్గరే ఉంచండి. ఈ పదకొండు మందినీ వాళ్ళ గుమ్మాల దాకా ఎవరు దింపుతారో ఆ పేరు తీర్మానంలో రాయండి. ఆయన్ని ఓసారి చూసి, అప్పుడు తీస్తా నా బండి."

టైపు మేడమ్ చప్పట్లు కొట్టింది. ఆనందరావు గారు బల్ల చరిచారు. "ఈ విషయం వచ్చే సమావేశానికి వాయిదా!"

"వాయిదా మీరేసుకోండి సార్," అన్నాడు జబ్బార్ లేస్తూ. "రైలు వేసుకోదు."

ఆ రాత్రి పదీ పదికి రైలొచ్చేసరికి కుళాయి పక్కన బండి ఉంది. నాంచారయ్య గారు కూడా ఉన్నారు, ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని. ఈసారి చక్రాలు ఊడదియ్యమన్నారంట. ఆ మనుషులు స్పానరు తీసేలోపల తాతారావు తన ఆటో తీసుకొచ్చి రిక్షా వెనకాల ఆపాడు.

"ఏంటయ్యా అడ్డం? నీకు స్టిక్కరుందిగా, నువ్వు ముందుకెళ్ళు," అన్నారు నాంచారయ్య గారు.

"సీరియల్ ప్రకారం సాయిబు గారిది ముందండీ. ఆయన కదిలాకే నా వంతు. మా స్టాండులో వరస తప్పితే చెప్పులు తెగుతాయి, మీకు తెలీదు." వెనక ఇంకో ఆటో వచ్చి ఆగింది, ఆ వెనక మరొకటి. పచ్చ స్టిక్కరున్న వాళ్ళే అందరూ! రైలు దిగిన జనం చుట్టూ మూగారు. మీటింగు నుంచి డ్యూటీకెళ్ళి అదే రైలు దిగిన సులోచన తిన్నగా వచ్చి రిక్షాలో కూర్చుని, "పోనీ బాబాయ్," అంది. ఎక్కిన మనిషిని దింపి చక్రం ఊడదీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వచ్చే సమావేశం వచ్చింది, పోయింది. ఆ తీర్మానాన్ని కొట్టెయ్యలేదు, అమలూ చెయ్యలేదు. జబ్బార్‌ని వెళ్ళమని మళ్ళీ ఎవరూ అడగలేదు. ఇంకో అయిదేళ్ళు తొక్కాడు, ఆఖరి రైలు ఒక్కటీ తప్పకుండా.

రెండువేల తొమ్మిదిలో ఒకరోజు తనే రిక్షా తీసుకెళ్ళి పెడనలో అమ్మేసి వచ్చాడు. విషయం తెలిసి నాంచారయ్య గారు ఎదురుపడి, "చూశారా సాయిబు గారూ, ఆఖరికి తీసేశారు! ఆ రోజు మేం చెప్పిందీ ఇదేగా?" అన్నారు.

"మీరు చెబితే తియ్యలేదండీ," అన్నాడు జబ్బార్ నడుం మీద చేతులు పెట్టుకుని. "నా మోకాళ్ళు చెప్పాయి, తీశా. ముప్పై నాలుగేళ్ళు అవి నా మాట విన్నాయి. ఒక్కసారి వాటి మాట నేను వినొద్దూ?"