మా బావగారు నేర్పిన కేకలు

"అమ్మా, పెదనాన పోయినాడు" అని మా అబ్బాయి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. గత నెలలో ఒక ఆదివారం, సరిగ్గా ఆయన మైదానానికి బయల్దేరే వేళకి. ముందురోజు ఛాతీలో నొప్పి అంటే చేర్పించాం. ఫోన్ పెట్టేశాక చాలాసేపటికి నాకు తట్టింది. నాతో ఎప్పుడూ ఇంగ్లీషూ తమిళమూ కలిపి మాట్లాడే పిల్లవాడు ఆ మాట తెలుగులో చెప్పాడు. వాడికి ఆ నోరు ఇచ్చింది పోయిన మనిషే.

ఆయన మా వారి అన్నగారు. ఈ మలయ్ దేశంలోనే, సుంగై సిపుట్ రబ్బరు తోటలో పుట్టారు. ఇపోలో కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఎడమవైపు డిఫెండరు, తరవాత జట్టు నాయకుడు. కొంతకాలం రాష్ట్ర జట్టుకీ ఆడారు. మోకాలు చెడ్డాక సుంగై పెటానిలో ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరి, పెళ్ళి మాట తలపెట్టకుండా మా ఇంట్లోనే ఉన్నారు. ఆట పోయిందని బాధ లేదా అని ఒకసారి అడిగాను. "ఆడిన ఆట నా దగ్గరే ఉందమ్మా, ఎవుడట్టుకుపోతాడు?" అన్నారు.

నేను కొత్తకోడలిగా గుమ్మం దాటుతుంటే ఆడవాళ్ళంతా "కుడికాలు, కుడికాలు" అంటున్నారు. వెనక నుంచి ఒక గొంతు, "మా జట్టులో ఎడంకాలికే గౌరవం, అమ్మా!" అంది. ఆ ఇంట్లో నేను మొదటిసారి నవ్వింది అప్పుడే.

ఆయన కాలేజీ కథ ఒకటి మా బంధువులందరికీ కంఠతా వచ్చు. జట్టులో తెలుగువాడు ఆయన ఒక్కడే. మిగతావాళ్ళు మలయ్, చైనా, తమిళ కుర్రాళ్ళు. మైదానంలో ఏ భాషలో అరిచినా ఎదుటి జట్టుకి తెలిసిపోయేది. అందుకని అందరికీ తెలుగు కేకలు నేర్పారు. ఎడం, ఎనక మనిషి, వొదిలీ, నిదానం, నాది, సాలు. ఎదుటి జట్టు కోచ్ ఒకాయన ఇదేదో మోసమని రిఫరీకి ఫిర్యాదు చేశాడట. "భాషకి ఫౌల్ లేదు" అని రిఫరీ ఆట సాగించాడట. ఆ మాట దగ్గరకొచ్చేసరికి బావగారు ప్రతిసారీ కొత్తగా నవ్వేవారు.

రిటైరయ్యాక మా పేట తెలుగు కుటుంబాల పిల్లలతో ఆదివారం జట్టు పెట్టారు. జెర్సీలు ఉతికే పని నాది. అంకెల వరుసలో ఆరేసేదాన్ని, ఒకటి తగ్గితే వెంటనే తెలిసేలా. ఆయన షరతు ఒకటే. మైదానం గీత లోపల తెలుగే మాట్లాడాలి. అప్పటికి మా అత్తగారు పోయి, ఇంట్లో తెలుగు మా పెద్దవాళ్ళ మధ్యే మిగిలింది. మావాడికి అర్థమయ్యేది, మాట మాత్రం పెగిలేది కాదు. నా వెనక ఈ ఇంట్లో ఇక వినపడదేమోనని నా భయం. బావగారి దిగులూ అదే. ఆయన పైకి అనేవారు కాదు.

మొదటి ఆదివారమే మావాడు ఇంగ్లీషులో అరిచాడు. ఆయన ఈల వేసి బయట కూర్చోబెట్టారు.

"వై లా, పెదనానా?" అన్నాడు, ఎందుకని, మళ్ళీ ఇంగ్లీషులోనే.

"గీత లోపలికొచ్చి తెలుగులో అడుగు, సెప్తాను."

వాడు ఏడుస్తూ ఇంటికొచ్చాడు. నాకు కోపం వచ్చింది. "గుంటడిని అలా ఏడిపించినారేటి బావగారూ? నాను ఇంట్లో నేర్పుతున్నాను కదా!"

"ఇంట్లో మాటాడితే ఏటొస్తాదమ్మా? బువ్వొస్తాది. మాటాడకపోయినా నువ్వెడతావు. ఇక్కడ మాటాడితేనే బంతొస్తాది."

వచ్చే ఆదివారానికి వాడి జెర్సీ ఉతికిపెట్టాను. కొన్ని వారాలకి మైదానం అవతలి నుంచి మావాడి గొంతు వినిపించింది. "ఎనక మనిషి!" బావగారు నావైపు తిరిగి చూడలేదు. తిరిగితే నవ్వు దాచలేరని నాకు తెలుసు.

ఇంట్లోనూ ఆయనకి అవే కేకలు. మా వారు కారు వెనక్కి తీస్తుంటే గేటు దగ్గర చెయ్యెత్తి నిలబడేవారు. "ఎడం, ఎడం, నిదానం... సాలు!" ఆయన కాపలా లేకుండా మా కారు ఎప్పుడూ వీధిలోకి వెళ్ళలేదు.

అంత్యక్రియలకి ఆయన కాలేజీ జట్టు గోల్‌కీపరు జార్జ్ టౌన్ నుంచి వచ్చాడు. జుట్టు నెరిసిన మలయ్ పెద్దమనిషి. "మీ భాష నాకు మాట్లాడటం రాదు, అరవడమే వచ్చు" అన్నాడు నాతో, మలయ్‌లో. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను.

ఆయన్ని పడుకోబెట్టిన పెట్టెని, ఇప్పుడు ఎదిగిన ఆదివారం జట్టే మోసింది. మావాడు తన వంతు కోసం పక్కన నడుస్తున్నాడు. గుమ్మం ఇరుకు. దాటగానే పెట్టె ఒక పక్కకి ఒరిగింది.

"ఎడం! ఎడం! నిదానం!"

గేటు దగ్గర, బావగారు నిలబడే చోటే నిలబడి, ఆ గోల్‌కీపరు చెయ్యెత్తి అరుస్తున్నాడు. కుర్రాళ్ళు ఒక్కటిగా ఎడమకి జరిగారు. మెట్టు దిగేటప్పుడు ముందున్న కుర్రాడి పట్టు జారింది. "నాది!" అని మావాడు దూరి భుజం పెట్టాడు. పెట్టె సమంగా నిలిచింది.

పెట్టెని ఎక్కించుకుని వ్యాను కదిలింది. వీధి మలుపు తిరిగి కనపడకుండా పోయింది. గోల్‌కీపరు చెయ్యి ఇంకా పైకే ఉంది. 'సాలు' అని మాత్రం అనలేదు.