కియో హౌస్ బకెట్

ఎవరైనా మర్యాదగా మాట్లాడితే చాలు, నోరీన్ అమ్మమ్మకు అనుమానం. కొత్త ఫాదర్ ఆమె చేసిన కేకు రెండో ముక్క అడిగితే, మొదటిది ఎక్కడ పారేశాడోనని సోఫా కింద వెతికింది. అలాంటి మనిషికి కియో హౌస్ మాస్టరు గిల్‌రాయ్ ఫోన్ చేసి, "బకెట్ సంగతి మాట్లాడాలి మిసెస్ టలీ, టీ వేళకు రానా?" అన్నాడు. అమ్మమ్మకు ఆ పూట భోజనం దిగలేదు.

వరాండిల్ కాథలిక్ బడిలో పిల్లల జట్లను హౌస్‌లంటారు. నీలం జెండా కియో హౌస్‌ది. విషజ్వరాల ఏడాది సిస్టర్ కియో వాగునీళ్ళు మోసి ఇంటింటికీ పోసిందట. హౌస్‌కు పేరు ఆమెది, గుర్తు ఆమె బకెట్. జెండా మీద బకెట్ బొమ్మ, కింద 'సేవ, సత్యం'. ఏటా ఆమె పండగనాడు అద్దాల బీరువాలోని బకెట్‌ను నిండా నింపి, చుక్క ఒలకకుండా కెప్టెన్ మైదానం చుట్టి రావాలి.

నలభై ఏళ్ళ కిందట ఆ బడిలో నేల తుడిచింది అమ్మమ్మే. హాలు కురుస్తోందని చేతికందిన ఆ బకెట్ పెట్టింది. తర్వాత పెరట్లో ఆరబెడితే చెత్తబండివాడు ఎత్తుకుపోయాడు. మర్నాడు ప్రార్థన గంటలోపు తన తుడుపు బకెట్‌కు రెండు సొట్టలు పెట్టి, బూడిద రుద్ది, బీరువాలో కూర్చోబెట్టింది. అప్పట్నుంచి ప్రతి పండక్కీ ముందు వరసలో కూర్చుని, కెప్టెన్‌ను కాదు, చూసేవాళ్ళ ముఖాలను చూస్తుంది.

టీ వేళకు వచ్చిన గిల్‌రాయ్ బకెట్‌ను బల్ల మీద బోర్లించాడు. "అడుగు చూశారా?"

"ఎవరు చెప్పారు? పక్కింటి బెర్నీ డౌలింగేనా? దాని కన్నెప్పుడూ నా మీదే."

"ఏం చెప్పారని?"

"తెలీనట్టు అడక్కు నాయనా. అవును, నేనే మార్చాను. చెత్తబండివాడు అసలుది పట్టుకుపోతే ఏం చెయ్యను? ఆ సొట్టలు నా సుత్తివే."

గిల్‌రాయ్ నోటి దాకా వెళ్ళిన స్కోన్ రొట్టె అక్కడే ఆగింది.

"అడుగున చిల్లు పడిందండీ. శుక్రవారం పండగ. పూర్వం మాటు ఎవరు వేసేవారో కనుక్కుందామని వచ్చాను."

అమ్మమ్మ బకెట్‌ను దగ్గరికి లాక్కుని చిల్లు తడిమి చూసింది.

"నేనే వేసేదాన్ని," అంది. "అయితే ఇప్పుడు అందరికీ చెప్పేస్తావా?"

"నా అంతట నేను చెప్పను. కానీ ఎవరైనా అడిగితే, ఆ జెండా కింద నిలబడి అబద్ధం ఆడలేను."

"అడిగేదాకా నువ్వు ఆగుతావని ఏం నమ్మకం?"

నమ్మలేదు. అందుకే శుక్రవారం పండగలో అతను నోరు తెరవకముందే తానే లేచి నిలబడింది. చెత్తబండి దగ్గర్నుంచి సుత్తి దాకా బడి మొత్తానికీ చెప్పేసింది.

"మరి ఇన్నేళ్ళూ మేం మోసింది నేల తుడిచే బకెట్టా?" అంది కెప్టెన్ పిల్ల.

"అవును. నీళ్ళు మోసిందేగా అదీ. మొయ్యకపోతే ఇటివ్వు, ఇంట్లో పనుంది."

ఆ పిల్ల గిల్‌రాయ్ వైపు చూసింది, జెండా వైపు చూసింది, బకెట్ నింపుకుని నడక మొదలుపెట్టింది. ఈసారి అమ్మమ్మ ఎవరి ముఖమూ చూడలేదు. మెడ చాచి బకెట్ అడుగునే చూస్తూ కూర్చుంది. నిన్న తాను వేసిన మాటు మీద అనుమానం.