ఖయ్యూమ్ రొట్టెకు వెళ్ళిన రోజు

మేరాజ్ బేగం అలసట నిద్రపోతే తీరేది కాదు. అలాంటిదే అయితే ఎప్పుడో తీరిపోయేది. మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయి, నడుము వంగనంటోంది. అయినా తెల్లవారితే కొడుకు ఖయ్యూమ్ చొక్కా గుండీలు ఆమే పెట్టాలి, చేపలో ముల్లు ఆమే తీయాలి. అతనికి ఇరవై మూడేళ్ళు. గుబురు గడ్డం, తలుపు నిండే మనిషి. పుట్టుకతోనే బుద్ధి నిదానం. మెల్లగా వింటాడు, మెల్లగా మాట్లాడతాడు. ఎవరైనా పేరడిగితే మాత్రం తల్లి నోటికేసి చూస్తాడు. ఆ జవాబూ ఆమే చెప్పాలి.

వాళ్ళది కడప పక్క దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే. భర్త ఇనాయతుల్లా సౌదీలోని ధహ్రాన్‌లో ఇంజనీర్లను తిప్పే బస్సు నడుపుతాడు. ఆ పక్క ఊరు అల్ ఖోబర్‌లో, ఒక పాత బిల్డింగు రెండో అంతస్తులో కాపురం. ఖయ్యూమ్ పలక పట్టే వయసులో ఆ ఇంటికొచ్చాడు. ఆనాటి నుంచి వీధిలోకి వెళ్ళాలంటే తల్లి చెయ్యి పట్టుకునే వెళ్ళాడు. కంటికి రెప్పలా కాచింది మహాతల్లి, కాదనం. కానీ రెప్ప ఎప్పుడూ మూసే ఉంటే కన్ను చూసేదెట్లా?

ఈ మాట ఆమె మొహాన అన్నది ఆసిఫా ఒక్కతే. పక్క వీధిలో ఉండే హైదరాబాదు పిల్ల. ఖయ్యూమ్ లాంటి పెద్దపిల్లలు ఖర్జూరాలు ఏరి డబ్బాలకెత్తే ఒక పనిచోట టీచరు. అక్కడ ఖయ్యూమ్‌కు చోటిప్పించాలని పట్టుబట్టి తల్లీకొడుకులను తీసుకెళ్ళింది. ఇంటికి తిరిగొచ్చాక ఊరుకోలేదు.

"ఖాలా, ఆడ వాళ్ళు అడిగింది ఖయ్యూమ్‌ను. జవాబులు చెప్పింది మీరు. ఎన్నేండ్లని ఇట్ల పట్టుకొని తిరుగుతరు?"

"నేను చెప్పకపోతే వాడేం చెప్తాడమ్మా? వాని సంగతి నీకు తెల్దు."

"మీకు గూడ తెల్వదు ఖాలా. ఎప్పుడన్న చెప్పనిచ్చిన్రా? తనంతట తను బయటికి పోయొచ్చుడు నేర్చుకుంటెనే తీసుకుంటరంట. కింద దుకాణం నుంచే మొదలువెట్టుండ్రి."

మేరాజ్‌కు చచ్చేంత కోపమొచ్చింది. కానీ ఆ రాత్రి కోపం కన్నా భయమే ఎక్కువసేపు మేలుకుంది. తను పోయాక వీడికి ముద్ద ఎవరు పెడతారు? వాకిలి దాటడమే రానివాడు ఏ వాకిట్లో నిలబడి అడుగుతాడు?

సరే, శనివారం పొద్దున మొదలుపెట్టింది. "ఖుబ్జ్ అను నాయనా. ఇక్కడ రొట్టెను ఖుబ్జ్ అంటారు." అను, మళ్ళీ అను అంటూ నోరు నొప్పి పుట్టేదాకా అనిపించింది. చేతిలో నోటు పెట్టి, చెప్పులు తొడిగి, ఒక్కడినే మెట్లు దింపింది. కిటికీకి అతుక్కుపోయి చూసింది. ఖయ్యూమ్ సందు దాటాడు, దుకాణం అద్దం తలుపు తోశాడు, లోపలికెళ్ళాడు. యా అల్లా, వెళ్ళాడు!

వెళ్ళినవాడు బయటికి రాలేదు.

తర్వాత వెళ్ళినవాళ్ళు సామాన్లు తీసుకుని వచ్చేశారు. ఇంకొకరు వచ్చేశారు. ఖయ్యూమ్ జాడ లేదు. "నువ్వు పోవద్దు, కాసేపు చూడు," అన్నాడు మంచం మీంచి ఇనాయతుల్లా. "నువ్వు నోరు మూసుకో," అంది మేరాజ్. అబాయా తగిలించుకుని మోకాళ్ళు పట్టుకుంటూ దిగింది.

దుకాణంలో గల్లా ముందు నిలబడి ఉన్నాడు ఖయ్యూమ్. గల్లా వెనక సలీం అనే బంగ్లాదేశీ, తల ప్రాణం తోకకొచ్చిన వాడిలా ఉన్నాడు.

"ఖుబ్జ్ మాఫీ, భాయ్! మాఫీ!" అని అరుస్తున్నాడు.

ఖయ్యూమ్ గల్లా మీదుగా చెయ్యి చాపి సలీం చేతిని మెల్లగా తట్టాడు. "పర్వాలేదులే అన్నా," అన్నాడు. అని, మళ్ళీ రొట్టె కోసం నిలబడ్డాడు. వరసలో వెనకున్న ఇద్దరు పగలబడి నవ్వారు.

మేరాజ్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ఇంట్లో గ్లాసు పగిలితే ఖయ్యూమ్ చేత ఆమె చెప్పించే మాట మాఫీ. తప్పయింది, క్షమించమని. ఈ దేశంలో మాఫీ అంటే లేదు అని. విమానం దిగినవాడు నాలుగు రోజుల్లో నేర్చే మాట, నీళ్ళు మాఫీ, జీతం మాఫీ, సెలవు మాఫీ అని పొద్దస్తమానం చెవిన పడే మాట, ఇక్కడే గడ్డం పెరిగిన తన కొడుక్కి తెలియదు. తెలియనిచ్చింది ఎవరు? పాపం, సలీం క్షమాపణ అడుగుతున్నాడనుకుని అడిగినప్పుడల్లా క్షమిస్తున్నాడు వాడు!

సిగ్గుతో ఆమె మొహం కాలిపోయింది. కొడుకు రెక్క పట్టుకుంది. "పద నాయనా. ఇంగ చాలు."

ఖయ్యూమ్ కదల్లేదు. సలీం గొంతు తగ్గించి, హిందీలో, రొట్టెల బండి ఇంకా రాలేదు భాభీ, వచ్చే వేళే అయింది అన్నాడు. మేరాజ్ కొడుకుతో చెప్పింది. "ఈడ మాఫీ అంటే లేదు అని రా. రొట్టె లేదంటాండాడు."

ఖయ్యూమ్ చాలాసేపు ఆలోచించాడు. తొందరపెట్టడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. కాబట్టి అతను పూర్తిగా ఆలోచించుకున్నాడు.

"అయితే ఆయప్ప తప్పు చేయలేదా?"

"లేదు."

"నేను చేసినానా?"

"లేదు నాయనా. నువ్వేం చేయలేదు."

"మరి నువ్వు ఎందుకొచ్చినావు?"

అందరి ప్రశ్నలకూ కొడుకు తరఫున జవాబు చెప్పిన మేరాజ్ అబాయా చేతి అంచుతో కళ్ళు తుడుచుకుని, "మాఫ్ చెయ్యి నాయనా," అంది.

"పర్వాలేదులే," అన్నాడు ఖయ్యూమ్, ఆమె చెయ్యి తట్టి. "నువ్వు ఇంటికి పో. బండి రానీ, నేను తెస్తా."

సలీం ఒక ఖాళీ పాల క్రేటు తిరగేసి అతని ముందుకు తోశాడు. నవ్విన ఇద్దరిలో ఒకడు అతని పేరడిగాడు. మేరాజ్ నోరు తెరవబోయి, పళ్ళు బిగబట్టి, తలుపు తోసుకుని బయటికొచ్చేసింది. ఆ జవాబు ఆమె వినలేదు.

మెట్ల మీద రెండు చోట్ల ఆగింది. ఇంట్లోకి రాగానే ఇనాయతుల్లా ఆమె వెనక్కి చూశాడు.

"వాడేడీ?"

"అంగట్లో ఉండాడు."

"ఎవరితో?"

"ఎవరితోనూ లేడు," అంది మేరాజ్, కిటికీకి వీపు పెట్టి కూలబడుతూ. "వాడంతట వాడే ఉండాడు."