అమ్మ కలిపిన ముద్ద

మా అమ్మ రోజంతా చేతులు కడుక్కునేది. తన చేతి మురికి తగిలి నేను చచ్చిపోతానని ఆమె భయం. అందుకే నాకు ముద్ద కలిపి పెట్టేది కాదు.

పంతొమ్మిదివందల అరవైల్లో ఇంట్లోవాళ్లు ఆమెను మద్రాసు ఆసుపత్రికి తీసుకెళ్లి కరెంటు షాకులిప్పించారు. తిరిగొచ్చాక కొన్నాళ్లు నా పేరు మరిచిపోయింది. కడుక్కోవడం మాత్రం మరవలేదు.

ఆ ఏడు మా ఊరు కోవూరులో మా మడికి నాట్లేసేవాళ్లు చాలలేదు. "ఒక మనిషి తక్కువైందక్కా, నువ్వు దిగు. వరస అయ్యేదాకా గట్టెక్కకూడదు," అనింది నాట్ల ముఠా పెద్దామె. అమ్మ దిగి, మోచేతుల దాకా బురదతో వరసంతా నాటింది.

తర్వాత కాలవలో చేతులు కడిగింది, ఒక్కసారే. సద్దిమూట విప్పి ముద్ద కలిపి, గట్టు మీదున్న నా నోట్లో పెట్టింది.

సాయంత్రం మళ్లీ చేతులు కడుక్కుంటూ నీళ్లతొట్టి దగ్గరే కూర్చుందనుకోండి. అయితేనేం, ఆ ముద్దలో పంటికింద మట్టి కరకరలాడింది. నేను ఉమ్మలేదు.