మూడు జీబీల బేరం

అమీర్‌పేటలో మా నాన్న జాకెట్ ముక్కల దుకాణం వెనక గదిలో నా కంప్యూటర్ ఉండేది. చెప్పిన ధర అసలు ధర కాదన్న జ్ఞానం నాకు అక్షరాలకంటే ముందే వచ్చింది. అందుకే, శనివారం డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే తెరమీద మూడు జీబీల ఖాళీ కావాలని కనిపించినప్పుడు, అది మొదటి మాటేలే అనుకున్నాను. రెండుకి కుదురుతుంది.

సోమవారం పంజగుట్టలో ఒక చిన్న కంపెనీ పరీక్ష. ఆ సాఫ్ట్‌వేర్ మీద చెయ్యి తిరగకపోతే ఉద్యోగం రాదు. డిస్కులో చూస్తే చోటు లేదు.

కంప్యూటర్ బిగించిన అన్నకి ఫోన్ చేశాను. ఆయన వచ్చినప్పుడల్లా సిస్టమ్ మొత్తానికి ఒక నకలు తీసి, బ్యాకప్ అని పేరు పెట్టి అందులోనే దాచి వెళ్ళేవాడు. ఒక్కోటి ఒక జీబీ. అలాంటివి నాలుగున్నాయి.

"పాతయి మూడు తీసెయ్. కొత్తదొక్కటి ఉంచుకో, చాలు."

"రెండు తీస్తే నడవదా అన్నా?"

"చెల్లే, గిది మీ దుకాణం కాదు. మూడంటే మూడే."

రెండే తీశాను. సాఫ్ట్‌వేర్ ఎక్కడం మొదలైంది. గెలిచాననుకున్నాను. సగం దాటాక చోటు చాలదంటూ ఆగిపోయింది. కంప్యూటర్ కట్టేసి, బేరం కుదరనప్పుడు గిరాకీలు పోతున్నట్టు నటిస్తారే, అలా సందు మలుపుదాకా నడిచి వెనక్కి వచ్చాను. అది మెత్తబడలేదు. మళ్ళీ అక్కడే ఆగింది.

నాన్న తొంగి చూశాడు. "ఏంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?"

"ఇంకో పాత బ్యాకప్ తీసెయ్యాలె నాయినా."

"పాతదైతే పడేస్తరా? ఏ గిరాకి ఎప్పుడొచ్చి అడుగుతదో!"

ఎవరో ఒకావిడ చీరకి సరిపోతుందని నాలుగేళ్ళుగా ఒక చిలకపచ్చ ముక్క మా అడుగు అరలో ఎదురు చూస్తూనే ఉంది.

"దీన్ని అడిగే గిరాకిని నేనొక్కదాన్నే," అని తీసేశాను. ఈసారి చివరిదాకా ఎక్కింది. ఆదివారమంతా దానిముందే కూర్చున్నాను.

సోమవారం పరీక్ష నెగ్గాను. అక్కడే నా ముందు బాండు కాగితం పెట్టారు. అందులో రాసినన్నేళ్ళూ ఉద్యోగం మానకూడదన్నమాట.

"ఎన్నేళ్ళు సార్?"

"మూడేళ్ళమ్మా."

మూడంటే మూడేనని రెండు రోజుల కిందటే నేర్చుకున్నదాన్ని. నోరెత్తకుండా సంతకం పెట్టాను.

మొదటి రోజు పక్క సీట్లో తెనాలి అమ్మాయి. నాతోపాటే చేరింది. మాటల్లో నా బాండు సంగతి చెప్పాను.

"మూడేళ్ళా? అదేంటండీ, అడగలేదా? నేను ఏడాదిన్నరే అన్నాను, సరేనన్నారు."

"మీ నాన్నగారికి దుకాణమా?"

"కాదండీ. బళ్ళో లెక్కల మాస్టారు."