సిస్టర్ ఆంటీ రంగుల బల్ల

పోయిన మంగళవారం పొద్దున మెట్రోలో ఆఫీసుకు వెళ్తుండగా మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం వచ్చింది. సిస్టర్ ఆంటీ ఇక లేరని. ముందురోజు సాయంత్రమే లిఫ్టు దగ్గర కనబడి, "కొత్తిమీర ఎక్కువ తెచ్చాను, కొంచెం పట్టుకుపో" అన్న మనిషి. తర్వాతి స్టేషనులో దిగి, ఇంటికి, ఘాజియాబాద్ వైపు వెళ్ళే రైలు కోసం అవతలి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. ఎక్కాలన్న సంగతే తోచలేదు.

టీ పెట్టుకుంటూ వంటింట్లోనే కూలిపోయారట. గుండె ఆగిందన్నారు.

ఆవిడ అసలు పేరు మా సొసైటీలో చాలామందికి తెలియదు. కృష్ణా జిల్లా నుంచి నర్సు ఉద్యోగానికి చిన్న వయసులో ఢిల్లీ వచ్చి, ఇక్కడే ఒక పెద్దాసుపత్రిలో రిటైరయ్యారు. భర్త పోయాక, తనలాగే నర్సయిన కూతురితో మా కింది అంతస్తులో ఉండేవారు. బీపీ చూపించుకోవాలన్నా, ఇంజెక్షన్ చేయించుకోవాలన్నా అందరం ఆవిడ తలుపే కొట్టేవాళ్ళం. ఆ తలుపు తీయగానే ముందు కనబడేది భోజనాల బల్ల, దాని మీద సగం పేర్చిన జిగ్‌సా పజిల్. చుట్టూ స్టీలు పళ్ళాలు. ఒకదాంట్లో ఎర్ర ముక్కలు, ఒకదాంట్లో పచ్చవి, ఒకదాంట్లో అంచు ముక్కలు. తల్లీకూతుళ్ళు మాత్రం సోఫాలో కూర్చుని, కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేవారు.

ఈ పిచ్చి పిల్లల వార్డులో పట్టుకుందట. ఎవరెవరో పాత పజిల్ పెట్టెలు ఇచ్చి వెళ్తుంటే, ముక్కలన్నీ ఉన్నాయో లేవో ముందు తనే పేర్చి చూసేవారట. "జబ్బుతో ఉన్న పిల్ల అంతా పేర్చి, ఒక్క ముక్క లేదని ఏడిస్తే నేను చూడలేనమ్మా. అట్టా చూసీ చూసీ నాకే అలవాటైపోయింది. పిల్లలకి ఇవ్వాలంటే మనసొచ్చేది కాదు" అని చెప్పి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

బొమ్మల ఎంపికలో గట్టి పట్టింపులు ఉండేవి ఆవిడకు. చిలకలు, గాలిపటాలు, పూల అంగళ్ళు, రేవులో పడవలు. రంగులు కిక్కిరిసి ఉండాలి. ఒకసారి కరోల్ బాగ్‌లో ఆటబొమ్మల కొట్టుకు నేనూ తోడు వెళ్ళాను. కొట్టతను మంచుకొండల పెట్టె తీసి తెగ పొగుడుతుంటే, "నహీ భయ్యా, ఇస్‌మే ఆస్‌మాన్ బహుత్ హై" అని వెనక్కి నెట్టేశారు. బయటికొచ్చాక, "ఆకాశం ఎక్కువున్న బొమ్మ ప్రాణం తీస్తుందమ్మా. అన్నీ ఒకటే నీలం. దేన్ని చూసినా ఇదేనేమో అనిపిస్తది" అన్నారు.

పేర్చడం అయిపోయాక ఆదివారం దాకా ఉంచేవారు. చర్చి నుంచి వచ్చినవాళ్ళు, మేమూ చూసి మెచ్చుకున్నాక, సాయంత్రం తన చేత్తోనే కలిపేసి పెట్టెలో పోసేవారు. ఫ్రేము కట్టించవచ్చు కదా అని నేనంటే, "గోడకి పెడితే ఇంక చేసేదేముంది? చూడ్డమేగా" అన్నారు.

మా నాన్నది కరీంనగర్. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఢిల్లీ వచ్చి ఇక్కడే రిటైరై, అమ్మ పోయాక నా దగ్గరే ఉన్నాడు. మతిమరుపు జబ్బు మొదలయ్యాక ఆయన రోజంతా కిటికీ దగ్గర కూర్చునేవాడు. నేను ఆఫీసులో ఉంటే, ఇంట్లో పనిచేసే దీదీ కనిపెట్టుకుని ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం ఆమె ఏడుస్తూ ఫోన్ చేసింది. నాన్న ఇంట్లో లేడు.

క్యాబ్‌లో వస్తున్నంతసేపూ దారిలో కనబడిన ప్రతి ముసలాయన ముఖమూ చూశాను. సొసైటీ గేటు దగ్గర గార్డు భయ్యా, "సిస్టర్ ఆంటీ కే ఘర్ పే హై" అన్నాడు. పరుగెత్తాను. నాన్న ఆ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఒక కాలికే చెప్పు ఉంది. వేళ్ళ మధ్య ఎర్రటి ముక్క.

"నాన్నా!" అన్నాను.

తలెత్తలేదు. "జర ఆగు బిడ్డా. పనిల ఉన్న."

నాన్న నోట పని అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. గడపలోనే గోడకు ఆనుకుని ఏడ్చేశాను. ఆంటీ చూడనట్టే ఉండి, "చెప్పులిప్పి లోపలికి రా తల్లీ, టీ పెడతా" అన్నారు.

ఆరోజు నుంచి నాన్న రోజూ కిందికి వెళ్ళేవాడు. ఇలాంటివి మెదడుకు మంచివని డాక్టరు కూడా అన్నాడని నేను సంబరంగా చెబితే ఆంటీకి నచ్చలేదు. "మందని చెప్పి ఆయన్ని పంపకమ్మా. మందులు జీవితమంతా ఇచ్చాను. ఇది ఆట. ఇన్నాళ్ళకి నాకు జత దొరికారు."

నిజంగానే ఆటలాగే ఆడేవారిద్దరూ. పోట్లాడుకునేవారు కూడా. చివరి ముక్క తనే పెట్టాలని నాన్న ఒకటి చొక్కా జేబులో దాచుకునేవాడు.

"అన్నయ్యగారూ, జేబు తియ్యండి."

"నా జేబుల ఏం లేదు సిస్టరమ్మా. నీ పళ్ళెంల సూస్కో."

"అబద్ధం! మొన్నా ఇట్టాగే అన్నారు."

ఆ గొడవ లిఫ్టు దాకా వినిపించేది. జబ్బు మనిషని మేమందరం ఆయన ఏమన్నా తల ఊపేవాళ్ళం. ఆయనతో ధైర్యంగా పోట్లాడింది ఆవిడొక్కరే. ఆ సాయంత్రాలు నాన్న ఎంత హుషారుగా పైకి వచ్చేవాడో! నా పేరు గుర్తు రాకపోయినా, "ఇయ్యాల చిలక తోక నేనే పెట్టిన" అని చెప్పేవాడు.

అదీ ఎక్కువ కాలం సాగలేదు. తర్వాతి చలికాలానికి ముక్కలు కలవడం మానేశాయి. ఒకరోజు నేను వెళ్ళేసరికి చిలక రెక్క ముక్కను తెచ్చి పడవల మధ్య పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కుతున్నాడు. అది ఆ పజిల్‌దే కాదు, పాత పెట్టెలోది. "అక్కడ కాదు నాన్నా" అనబోయాను. ఆంటీ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఉండనీ. ఆయనకక్కడ బాగుంది."

ముక్క కొంచెం వంకరపోతే ఒప్పుకోని మనిషి, దాన్ని అలాగే వదిలి చుట్టూ మిగతావి పేర్చుకుంటూ పోయారు. నాన్నను పైకి పంపాక తీసేయవచ్చుగా అన్నాను. "రేపొచ్చి చూసుకుంటారుగా" అన్నారు. నాన్న నిజంగానే వచ్చి, ఆ రెక్క మీద వేలు పెట్టి చూసుకునేవాడు.

నాన్న పోయిన రోజు అందరికంటే ముందు పైకి వచ్చింది ఆవిడే. తడిగుడ్డతో ముఖం తుడిచి, తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టారు. చాలా రోజుల తర్వాత, ఏమీ తోచక నేనే కిందికి వెళ్ళాను. బల్ల ఖాళీగా ఉంది. అలా చూడటం అదే మొదటిసారి.

"పజిల్ లేదేంటి ఆంటీ?"

"కూర్చోబుద్ధి కావట్లేదమ్మా" అన్నారు. "ఎదురుగా ఆ కుర్చీ ఉంటదిగా." కళ్ళజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. నాన్న నాకొక్కదానికే పోయాడనుకున్నాను అప్పటిదాకా. ఆ సాయంత్రం ఒక కొత్త పెట్టె తెరిచి, ఇద్దరం అంచు ముక్కలు ఏరడం మొదలుపెట్టాం. ముక్కను వెలుతురుకు పెట్టి రంగు చూడటం, కుదిరినప్పుడు వేలికి తెలిసే ఆ చిన్న టిక్కుమనే శబ్దం కోసం కాచుకోవడం నాకు అలా వంటబట్టాయి. ఆఫీసు నుంచి ఎంత అలిసి వచ్చినా, ఒక పువ్వు పూర్తయిందంటే ఆ పూటకి మనసు తేలికపడేది. ఆ సంతోషం ఆవిడ పెట్టిందే.

సమాధి కార్యక్రమం అయ్యాక ఇంట్లో ప్రార్థన పెట్టారు. జనం వస్తున్నారు, టీ కప్పులు పెట్టడానికి బల్ల కావాలి. బల్ల మీద ప్లైవుడ్ చెక్క, దాని మీద ఆవిడ సోమవారం దాకా పేర్చిన పళ్ళ బజారు. చర్చి ఆవిడొకరు పెట్టెలో పోసేయమన్నారు. కూతురు నా వైపు చూసింది. "దీదీ, ముఝ్‌సే నహీ హోగా. నా వల్ల కాదు."

ఇద్దరం చెరోవైపు పట్టుకుని చెక్కను లేపాం. ఒక్క ముక్క జారకుండా, నేను వెనక్కి అడుగులు వేస్తూ, తను నా వైపు నడుస్తూ, పడకగది దాకా తీసుకెళ్ళాం. పెట్టడానికి ఇంకెక్కడా చోటు లేదు. ఆవిడ మంచం మీదే, దుప్పటి సర్ది, మెల్లగా దించాం. కిటికీలోంచి ఎండ దాని మీద పడింది. నారింజలు, దానిమ్మలు, అరటి గెలలు అన్నీ వచ్చేశాయి. బండి వెనక నిలబడ్డ పళ్ళమ్మే ఆమె భుజాల దాకా వచ్చింది. ముఖం ఇంకా రాలేదు.